పదిహేడో తేదీ, గురువారం, 1947: ఏ ఓడ?

రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగిరాని మనుషుల గురించి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇప్పటికీ అడుగుతూనే ఉంటాయి. నా ఉద్యోగమంతా విశాఖలో షిప్పింగ్ ఏజెన్సీ కాగితాల మధ్య గడిచింది. రిటైరయ్యాక అలాంటి కుటుంబాలకు పాత ఓడల కాగితాలు వెతికిపెట్టడం ఒక వ్యాపకమైంది. చేతికొచ్చిన వాటిలో చాలా కేసులు ఎటూ తేలవు. కిందటి కేసు మాత్రం ఒక ఒడ్డుకు చేరింది. చేర్చినది ఓడ రికార్డులు కాదు, వంటింటి జ్ఞాపకం, ఒక చిట్టా పుస్తకం. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా తీరం వైపు ఒక కుటుంబం. ఇంటి పెద్ద 1930ల్లో రంగం వెళ్ళాడు. అప్పట్లో అది వింతేమీ కాదు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు ఆగేవి. డెక్కు టిక్కెట్టు కొనుక్కుని, చాపా మూటా పట్టుకుని జనం ఎక్కేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద పని. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళను అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. అయినా వెళ్ళేవాళ్ళు ఆగలేదు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షల మంది కాలినడకన వెనక్కి వచ్చారు. కొందరు రాలేకపోయారు, కొందరు రాకూడదనుకున్నారు. మన మనిషి రాలేదు.

ఆయనకి ఇక్కడ భార్య, ఒక కొడుకు, ఒక అన్న. భార్య 1980ల్లో పోయింది, కొడుకూ ఇప్పుడు లేడు. కోడలు ఉంది, ఎనభై దాటిన మనిషి. నా దగ్గరకు వచ్చింది ఆవిడ కూతురు, అంటే ఆయన మనవరాలు.

వచ్చిన సమస్య

ఆ ఇంట్లో ఒకే మనిషి గురించి రెండు కథలున్నాయి. ఆయన సొంత సంతతి చెప్పేది: 1947లో, పదిహేడో తేదీ గురువారం నాడు ఓడెక్కాడు, ఓడ మునిగిపోయింది. అన్నగారి సంతతి చెప్పేది: మునగనూ లేదు, తేలనూ లేదు, అక్కడ బర్మా మనిషిని చేసుకుని ఉండిపోయాడు. ఆస్తి తగాదా ఏమీ లేదు, పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. ఉన్నది మాట తగాదా. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎవరో ఒకరు నోరు జారినప్పుడల్లా పైకి వచ్చేది.

ఈమధ్య మూడో కథ పుట్టింది. ఈ మనవరాలికి తమ్ముడి వరస అయిన ఒక కుర్రవాడు ఇంటర్నెట్‌లో వెతికి, 1947 జూలై 17న, గురువారం నాడు, బొంబాయి దగ్గర మునిగిన రాందాస్ ఓడ సంగతి పట్టుకున్నాడు. బొంబాయి భావుచా ధక్కా నుంచి రేవస్‌కి బయల్దేరిన ఫెర్రీ అది. జడివానలో, కెరటాలకి ఒరిగి, తీరానికి దగ్గరలోనే బోల్తా పడింది. 600 మందికి పైగా పోయారు. పైగా ఆ రోజు ఆషాఢ అమావాస్య, మరాఠీ వాళ్ళ గటారీ పండగ. ఈ కుటుంబం తాతగారి తద్దినం పెట్టేదీ అమావాస్య నాడే. సంవత్సరం, తేదీ, వారం, తిథి నాలుగూ కలిశాయి. ఇంకేం కావాలి? ఊళ్ళో రామాలయం దగ్గర కట్టిస్తున్న సిమెంటు బల్ల మీద "రాందాసు ఓడ ప్రమాదంలో అమరులైన" అని చెక్కించడానికి రాతిపనివాడికి బయానా కూడా ఇచ్చేశాడు.

మనవరాలికి మనసొప్పలేదు. "రంగంలో ఉన్న మనిషి బొంబాయి ఫెర్రీ ఎందుకు ఎక్కాడండీ?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. కానీ "ఎందుకు" అన్నదానితో ఏదీ కొట్టిపారేయలేం. రంగం నుంచి కలకత్తా, అక్కణ్ణుంచి పని వెతుక్కుంటూ బొంబాయి వెళ్ళిన వాళ్ళు ఉన్నారు. అసంభవం అనిపించడం వేరు, కాదని తేల్చడం వేరు.

మొదట చేసినవి, ఎందుకు ఫలించలేదు

నా దగ్గరకు రాకముందే వాళ్ళు డబ్బు కట్టి ఒక వంశవృక్షాల వెబ్‌సైట్‌లో పాసింజర్ లిస్టులు గాలించారు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఆ లిస్టుల్లో ఎక్కువ భాగం బ్రిటన్ రేవులకు వచ్చిపోయిన దూరప్రయాణాల ఓడలవి. రంగం నుంచి బర్మా తీరం వెంట తిరిగే చిన్న ఓడలో డెక్కు టిక్కెట్టు కొన్న మనిషి పేరు లండన్ చేరే దారే లేదు. మా ఆఫీసులో కూడా డెక్కు పాసింజర్లంటే తలల లెక్కే. పేర్లు రాసినా గుమాస్తాకి వినబడినట్టు రాసేవాడు. అప్పలస్వామి అపలసమీ అయ్యేవాడు, తండ్రి పేరు ఉండేది కాదు.

తర్వాత యుద్ధ స్మారకాలు చూశాం. ఇంట్లో ఎవరో "ఓడలో కళాసీగా కూడా చేశాడు" అన్నారు కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయ నావికుల పేర్లు బొంబాయి, చిట్టగాంగ్ స్మారక పుస్తకాల్లో ఉన్నాయి. రెండిట్లోనూ అవే పేర్లు, 6,000కు పైగా. వాటిలో మనకు పనికొచ్చే పేరు లేదు. సముద్రంలో జరిగిన మరణాల రిజిస్టర్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, 1891 నుంచి 1972 దాకా. అక్కడ తెలిసిన పరిశోధకుడి చేత చూపించాను. పేరు మీద వెతికితే ఏమీ రాలేదు. ఇది నేను ముందే ఊహించాను. అయినా ఎందుకు చూపించానంటే, ఆ తలుపు మూసేశామని రిపోర్టులో రాయగలగాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత మరో కుర్రవాడు అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడతాడు.

అన్నగారి వైపు వాళ్ళు ఒకరు డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దాం, బర్మాలో మన రక్తం ఉందేమో తెలుస్తుంది అన్నారు. వద్దన్నాను. అక్కడ సంతానం ఉందని తేలినా ఆయన ఎలా పోయాడన్నది తేలదు. లేదని తేలదసలే. ప్రశ్న ఒకటి, పరీక్ష ఇంకొకదానికి.

దారి మార్చడం

ఇక్కడ ఆగి, మా దగ్గరున్న సమాచారాన్ని రెండు కుప్పలుగా పోశాను. ఒకటి కుటుంబం చెప్పుకున్న మాటలు. రెండోది కుటుంబం ప్రతి ఏడూ చేస్తూ వచ్చిన పనులు, దాచుకున్న కాగితాలు. మాటలకి డెబ్భై ఏళ్ళ చెమ్మ పట్టి ఉంటుంది. ఒకసారి రాందాస్ పేరు విన్నాక, "అవునవును, మా నాయనమ్మ కూడా రాందాసనే అనేది" అనేవాళ్ళు తయారవుతారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, వినికిడి జ్ఞాపకంలో కలిసిపోతుంది. చేసే పని అలా మారదు. తద్దినం తిథి మార్చాలంటే పురోహితుడు ఒప్పుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి.

అందుకని మొదట అడిగిన ప్రశ్న: తద్దినం అమావాస్య సరే, ఏ మాసం అమావాస్య?

మనవరాలికి తెలియదు. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు పంచాంగం చూసి ఆయనే చెప్పేవాడు. ఆయన పోయాక మహాలయంలో అందరికీ కలిపి పెడుతున్నారు. కుర్రవాడేమో "ఆషాఢమే, నాకు గుర్తు" అన్నాడు. పెద్దావిడ దగ్గరికెళ్ళి నేను మాసం అడగలేదు. మాసం అడిగితే, అప్పటికే ఇంట్లో నలుగుతున్న జవాబు వస్తుంది. ఆ రోజు వంటేమిటని అడిగాను. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ వంట చేసింది ఆవిడే.

ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పింది. గారెలు, పరవాన్నం, అరిటికాయ కూర, పెసరపచ్చడి. పప్పులోకి మాత్రం మావిడికాయ. చెట్టున అప్పుడే టెంక కడుతున్న కాయ కోయించేదట. "మావఁగారికి పుల్లటి పప్పంటే పేణవఁట, మాయత్త సెప్పీది. ఆ కాయ కోసినాకే మాయింట్లో ఊరగాయ సంగతి తలపెట్టీవోళ్ళం."

పక్కనే ఉన్న కుర్రవాడు ఆషాఢంలో కూడా కాయ దొరుకుతుంది కదా నాయనమ్మా అన్నాడు.

"ఆషాఢంలో పప్పులోకి లేతకాయెక్కడొస్తాది నాయనా? అప్పటికి పండ్లు తినేసి టెంకలు పారేసుంటాం. ఆకాశం సిల్లుపడ్డట్టు వానా. ఇది ఎండలప్పుడు. పొయ్యికాడ నా పాణం పోయీది."

అది చైత్రం. ఉగాది అమావాస్య కాదు, చైత్రం చివర వచ్చే అమావాస్య. పంచాంగం తెలిసిన పురోహితుణ్ణి ఇంకో సంగతి అడిగాను. చనిపోయిన మాసం తెలిసి, తిథి తెలియకపోతే ఏం చేస్తారు? ఆ మాసం అమావాస్య నాడు పెట్టడం ఆనవాయితీ అన్నాడు. దీంతో కథ తిరగబడింది. రాందాస్ మునిగిన గంట కూడా తెలుసు, పొద్దున్నే బయల్దేరి గంటలోపే మునిగింది. ఆ ఓడలో పోయిన మనిషికి తిథి తెలియకపోవడం ఉండదు. అమావాస్య అన్నది ఈ ఇంట్లో తిథి తెలుసనడానికి గుర్తు కాదు, తెలియదనడానికి గుర్తు. పదిహేడు అన్న తేదీ ఓడ ఎక్కిన రోజుది అయ్యుండాలి. మునిగిన రోజు ఎవరికీ తెలియలేదు.

అప్పుడు వెతకవలసింది ఇది: 1947 చైత్రంలో, పదిహేడో తేదీ గురువారం నాడు రంగం నుంచి బయల్దేరి, ఎప్పుడు ఎక్కడ మునిగిందో తెలియకుండా పోయిన ఓడ. 1947 ఏప్రిల్ 17 కూడా గురువారమే. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకే చైత్ర అమావాస్య.

ఓడ దొరికిన తీరు

పాత వార్తాపత్రికల్లో "మునిగిన ఓడ" అని వెతికితే ఇలాంటివి దొరకవు. జాడలేని ఓడని మొదట ఎవరూ మునిగిందనరు. ముందు "ఓవర్‌డ్యూ" అంటారు, రావలసిన వేళకి రాలేదని. తర్వాత "మిస్సింగ్". ఓడ యజమానులు, బీమావాళ్ళు ఆశ వదులుకున్నాకే నష్టం కింద రాస్తారు. ఈ మాటలతో సింగపూర్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ పత్రికల సైట్‌లో, ఆస్ట్రేలియా వాళ్ళ ట్రోవ్‌లో వెతకాలి. రెండూ ఉచితం. తెలుగు పత్రికల పాత సంచికలు ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టింది గానీ, వాటిలో అక్షరాలతో వెతకడం కుదరదు, పేజీ పేజీ తిరగేయాలి. ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్ 16న అమెరికాలో టెక్సస్ సిటీ రేవులో అమ్మోనియం నైట్రేట్ ఎరువు నింపుకున్న గ్రాండ్‌క్యాంప్ ఓడ పేలింది. 23న వేల్స్ తీరంలో శామ్‌టాంపా అనే లిబర్టీ ఓడ (యుద్ధకాలంలో ఒకే నమూనాలో వందలకొద్దీ కట్టిన సరుకు ఓడల్లో ఒకటి) రాళ్ళకు కొట్టుకుని ముక్కలైంది, కాపాడబోయిన లైఫ్‌బోటు సిబ్బంది ఎనిమిది మందీ పోయారు. ఆ వారం "ఓడ" అని వెతికితే ఇవే వస్తాయి. బర్మా తీరంలో వెయ్యి టన్నుల ముసలి ఓడ రాలేదన్న సంగతి మూలన రెండంగుళాల వార్త.

ఆ ఓడ పేరు సర్ హార్వే ఆడమ్‌సన్. బర్మాకి ఒకప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ పేరు. బ్రిటిష్ ఇండియా కంపెనీదే, 1914లో కట్టింది. 1947 ఏప్రిల్ 17న రంగం నుంచి టవాయి, మెర్గుయి రేవులకు బయల్దేరి మర్తబాన్ సింధుశాఖలో కనపడకుండా పోయింది. ఉన్నవాళ్ళు 269 మంది, ఒక్కరూ మిగల్లేదు. టవాయిని ఇప్పుడు దావే అంటున్నారు. తగరం, వుల్ఫ్రమ్ గనుల ప్రాంతం.

ఓడ సరిపోయింది. కానీ కుర్రవాడికి రాందాస్ కూడా ఇలాగే నాలుగు చోట్ల సరిపోయింది కదా! తేదీలు కలవడం సాక్ష్యం కాదు. మనిషిని ఆ రేవు మీద నిలబెట్టే కాగితం కావాలి.

పెట్టెలో ఉత్తరాలు

మనవరాలి ఇంట్లో రేకుపెట్టె ఉంది. నాయనమ్మది. అందులో ఆయన ఉత్తరాలు కొన్ని, తడిసి అతుక్కుపోయినవి. ముందు కవరు చూశాను. ఉత్తరంలో ఏముందో తర్వాత, ముందు స్టాంపు. ఒక కవరు మీద రాజుగారి బొమ్మ ఉన్న బర్మా స్టాంపు, దాని మీద నల్లగా అడ్డంగా అచ్చు: "మిలీ. అడ్మన్." జపాన్ వాళ్ళని తరిమాక 1945లో బర్మాలో సైనిక పాలన నడిచినప్పుడు పాత స్టాంపుల మీద అలా అచ్చేసి వాడారు. అంటే 1945లో ఆయన బర్మాలో బతికే ఉన్నాడు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, నా మనసులో మూడో ఓడ, నిజానికి ఓడల మంద, ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో మన తీరం పొడుగునా వర్తక ఓడల్ని ముంచింది. ఆ రోజే విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అదీ చైత్రమే! ఆ నెల అమావాస్య ఏప్రిల్ నడుమ వచ్చింది. "1947" అన్న అంకెని పక్కన పెడితే 1942 ఈ కుటుంబానికి బ్రహ్మాండంగా సరిపోతుంది, రంగం నుంచి జనం పారిపోయి వస్తున్న రోజులు కూడాను. స్టాంపు మీద ఆ రెండు మాటలు దాన్ని పూర్తిగా కొట్టేశాయి.

ఆఖరి ఉత్తరానికి కవరు లేదు, తేదీ లేదు. పెన్సిలు రాత. కొడుకుని బడికి పంపమని, కొబ్బరిచెట్ల సంగతి, అన్నగారికి నమస్కారాలు. చివర్లో ఒక వాక్యం: ఉగాది వెళ్ళాక మేస్త్రీ మమ్మల్ని టవాయి పనికి తీసుకుపోతానన్నాడు, స్టీమరు టిక్కెట్టు ఆయనే కొంటాడు.

టిక్కెట్టు అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. ఆ తీరంలో నాటు పడవలు కూడా తిరిగేవి, అవి మునిగితే ఏ పత్రికలోనూ రాదు. స్టీమరు, టిక్కెట్టు అంటే కంపెనీ ఓడే. కానీ ఏ ఏటి ఉగాది? 1946దీ కావచ్చు. ఉత్తరంలోని కబుర్లలో ఏడాది పట్టిచ్చేది ఏదీ లేదు.

చిట్టా పుస్తకం

ఇక మిగిలింది అన్నగారి ఇల్లు. మనవరాలు భయపడింది. వాళ్ళని ఏం అడిగినా పాత గొడవ లేస్తుందని. నేను వెళ్ళి తమ్ముడి మాటే ఎత్తలేదు. మీ తాతగారు సరుకుల వ్యాపారం చేసేవారట కదా, ఆ రోజుల ధరలు ఉన్న చిట్టాలు ఏమైనా మిగిలాయా అని అడిగాను. ఇందులో మోసం లేదు, ధరలు నిజంగానే కావాలి, పేజీలకు కాలం కట్టడానికి అవి పనికొస్తాయి. తమ్ముడి గురించి సాక్ష్యం అడిగితే వాళ్ళు కథ చెబుతారు. లెక్కల పుస్తకం అడిగితే పుస్తకం ఇస్తారు. అటక మీది నుంచి దించి ఇచ్చారు. అట్టలు లేవు, మొదటి పేజీలు చెదలు తిన్నాయి, సంవత్సరం పేరు ఎక్కడా లేదు. తిథులు మాత్రం ప్రతి రోజూ ఉన్నాయి.

ఒక పేజీలో ఇలా ఉంది. "అధిక శ్రా. శు. 3. రంగం నుంచి వచ్చిన మనిషికి పంచెల చాపు 1, దారి ఖర్చు. 4-8-0." కొన్ని పేజీల తర్వాత నిజ శ్రావణంలో, అంటే అధికం వెళ్ళాక వచ్చే అసలు శ్రావణంలో, "తమ్ముడి కర్మకు" అని బియ్యం, నెయ్యి, దర్భలు, బ్రాహ్మలకు స్వయంపాకం, విడివిడిగా పద్దులు.

అధిక శ్రావణం! పంచాంగాలతో పని ఉన్నవాళ్ళు ఇక్కడే లేచి కూర్చుంటారు. అధికమాసం రెండున్నర మూడేళ్ళకొకసారి వస్తుంది గానీ, అది శ్రావణమే కావడం ఎనిమిదేళ్ళకో పదకొండేళ్ళకో ఒకసారి. ఆ కాలంలో 1928లో వచ్చింది, 1939లో, 1947లో వచ్చింది, మళ్ళీ 1958లో, 1966లో. 1928కి ఈయన ఇంకా రంగం వెళ్ళలేదు. 1939 కాదు, 1945లో ఆయన బతికే ఉన్నాడని స్టాంపు చెబుతోంది. 1958, 1966 కూడా కావు, 1957లోనే అణాల లెక్క పోయి నయాపైసలు వచ్చేశాయి. పద్దు రూపాయలు, అణాలు, పైసల్లో ఉంది. కాబట్టి అది 1947, సర్వజిత్తు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15 కూడా ఆ అధిక శ్రావణంలోనే పడింది.

ఇక రాందాస్ లెక్క చూడండి. అది ఆషాఢ అమావాస్య నాడు మునిగింది. అధిక శ్రావణం ఆ మర్నాడో ఎల్లుండో మొదలు. శుద్ధ తదియ అంటే రాందాస్ మునిగిన మూడు నాలుగు రోజులకే. బొంబాయి ఫెర్రీలో పోయిన మనిషి కబురు పట్టుకుని, రంగం నుంచి బయల్దేరిన మనిషి, ఆ మూడు నాలుగు రోజుల్లో శ్రీకాకుళం పల్లెకి చేరడం కుదరని పని. రంగం నుంచి విశాఖకి ఓడ ప్రయాణానికే ఇంచుమించు అంత కాలం పట్టేది. ఏప్రిల్‌లో జాడలేకుండా పోయిన ఓడ కబురు జూలైలో రావడం మాత్రం చాలా సహజం. మేస్త్రీ ఎదురుచూసి, కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఇక రాదని తేలాక, ఊరికి వెళ్ళే మనిషి దొరికాక.

రెండో పద్దు ఇంకా బలమైనది. ఆచూకీ లేని మనిషికి కర్మ చేయాలంటే పన్నెండేళ్ళు ఆగాలన్నది శాస్త్రంలో ఉన్న మాట. చట్టం కూడా ఏడేళ్ళు కబురు లేకపోతేనే పోయినట్టు ఎంచుతుంది. వీళ్ళు కబురొచ్చిన నెల తిరక్కుండా కర్మ చేశారు. ఖర్చు పెట్టింది అన్నగారు. బర్మా పెళ్ళాంతో ఉండిపోయాడని ఆయన నమ్మి ఉంటే ఆ నెయ్యి కొనేవాడు కాదు. ఉండిపోయాడన్న కథ ఆయన తర్వాతి తరంలో పుట్టింది. ఎందుకు పుట్టిందో నాకు తెలుసుకోవలసిన పని లేదు, అడగలేదు.

ఎందుకు మునిగిందన్న ప్రశ్న

ఓడ పేరు చెప్పగానే కుర్రవాడి మొదటి ప్రశ్న, "మైనా, తుఫానా?" ఆ సమయంలో వాతావరణం బాగోలేదు. మైను, అంటే ఓడల్ని పేల్చడానికి నీళ్ళలో వదిలే మందుపాతర, తగిలి ఉండవచ్చన్న అనుమానమూ అప్పటి నుంచీ ఉంది. యుద్ధంలో మిత్రపక్షాల విమానాలు బర్మా రేవుల దగ్గర, నదీముఖాల్లో మైన్లు జారవిడిచాయి. యుద్ధం ముగిసినా మైనుకి ఆ సంగతి తెలియదు. 1948 జూన్‌లో డెన్మార్క్ ప్రయాణికుల ఓడ క్యోబెన్‌హావ్న్, ఆ డిసెంబర్‌లో షాంఘై దగ్గర కియాంగ్యా మునిగాయి. మొదటిదాన్ని ముంచింది యుద్ధకాలపు మైనే, రెండోదానికీ అదే కారణమని ఎక్కువమంది నమ్మకం. అందుకని ఆ రోజుల్లో ఏ ఓడ పోయినా మైను మాట ముందు వచ్చేది. 1947 జనవరిలో గ్రీసు ఓడ హిమారా మునిగినప్పుడు కూడా మొదట మైనే అన్నారు, తీరా అది రాతిదిబ్బకి కొట్టుకుంది.

సాక్షి లేకుండా పోయిన ఓడ విషయంలో కారణం తేలడం ఎంత అరుదో చెప్పడానికి వాళ్ళకి శామ్‌కీ సంగతి చెప్పాను. 1948 మొదట్లో లండన్ నుంచి క్యూబాకి ఖాళీగా వెళ్తూ 43 మందితో మాయమైన లిబర్టీ ఓడ. సరుకు లేనప్పుడు బరువు కోసం థేమ్స్ నది కంకర పోశారు. ఆ సెప్టెంబర్‌లో అదే తరహా ఓడ లెస్టర్, అదే తరహా కంకరతో, అట్లాంటిక్ తుఫానులో పక్కకి ఒరిగిపోయింది. సిబ్బంది దిగిపోయారు గానీ ఓడ మునగలేదు, టగ్గులు బెర్ముడాకి లాక్కొచ్చాయి. లోపల చూస్తే కంకర ఒక పక్కకి జారి ఉంది. దాన్ని బట్టి శామ్‌కీ కథ అర్థమైంది. ఆడమ్‌సన్‌కి అలాంటి లెస్టర్ లేదు. అందుకే రిపోర్టులో కారణం దగ్గర "తేలలేదు" అని మాత్రమే రాశాను. "మైను" అని రాయమని కుర్రవాడు గట్టిగానే అడిగాడు, యుద్ధంలో పోయినట్టు ఉంటుందని. రాయలేదు.

రిపోర్టులో ఏం రాశాను

ఓడ పేరు విషయంలో కూడా "రుజువైంది" అనే మాట వాడలేదు. ఆయన పేరున్న ప్రయాణికుల జాబితా నేను చూడలేదు. చూసినవి ఇవి: 1945లో బర్మాలో ఉన్నాడనే కవరు, ఉగాది తర్వాత స్టీమర్ మీద టవాయి వెళ్తానన్న ఉత్తరం, చైత్ర అమావాస్య తద్దినం, 1947 జూలైలో రంగం నుంచి వచ్చిన మనిషికి ఇచ్చిన పంచెల చాపు, ఆ తర్వాతి నెల కర్మ. వీటన్నిటికీ సరిపోయే ఓడ నాకు తెలిసి ఒకటే. ఎంత బలంగా నమ్ముతున్నానో మాటల్లో రాశాను. శాతాలు వేయమన్నారు, వేయలేదు. లెక్క కట్టడానికి వీల్లేని చోట అంకె వేస్తే చదివేవాడు అంకెనే గుర్తుపెట్టుకుంటాడు.

ఒక అతుకు మిగిలింది, అదీ రాశాను. ఉత్తరంలోని ఉగాది 1946ది అయి, ఆయన అప్పుడే టవాయి చేరి, ఏడాది తర్వాత ఇంకో దారిలో పోయి ఉండవచ్చు. దీనికి ఎదురు నిలిచేది కుటుంబం మోసుకొచ్చిన "పదిహేడో తేదీ, గురువారం" అన్న మాట ఒక్కటే. మాటల కుప్పలోది కాబట్టి మొదట్లో దాన్ని పక్కన పెట్టాను. మిగతా కాగితాలతో కలిశాక దానికి మళ్ళీ విలువ వచ్చింది. కబురు తెచ్చిన మనిషి ఓడెక్కిన రోజు చెప్పి ఉంటాడు, అతనికి తెలిసింది అదే.

తర్వాత

రాతిపనివాడికి ఇచ్చిన బయానా పోలేదు, అక్షరాలు మారాయి అంతే. బల్ల మీద ఓడ పేరు వద్దనుకున్నారు. "1947 చైత్రంలో రంగం నుంచి టవాయి వెళ్తూ సముద్రంలో" అని వేయించారు. అన్నగారి మనవడు చిట్టా పేజీకి రంగుల జెరాక్సు తీసి ఫ్రేము కట్టించుకున్నాడట. వాళ్ళ తాత తమ్ముడి కర్మ చేయించాడన్నది ఆయనకీ కొత్త సంగతే. పాత కథ మళ్ళీ ఎవరైనా ఎత్తుతారా అంటే, ఎత్తుతారు, పెళ్ళిళ్ళు ఇంకా ఉన్నాయి కదా.

తిథి ఏమైనా మార్చాలా అని మనవరాలు పురోహితుణ్ణి అడిగింది. ఓడెక్కిన రోజు తెలిసింది గానీ పోయిన రోజు ఇప్పటికీ తెలియదు కదా, చైత్ర అమావాస్యే ఉంచండి అన్నాడు.

ఇంకా చూడనివి ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో బర్మా ఆఫీసు ఫైళ్ళున్నాయి. ఓడ కంపెనీ పాత కాగితాలు గ్రీనిచ్‌లోని మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ప్రయాణానికి మేస్త్రీలు కొన్న టిక్కెట్ల వివరం ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి. అటు వెళ్ళే పరిశోధకుడు దొరికితే ఒక్క ఈ కుటుంబం కోసం కాదు, 269 మందిలో తెలుగు పేర్లన్నిటి కోసం చూడమని అడుగుదామని ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చైత్ర అమావాస్యకి రంగం తాతకి తద్దినం పెట్టే ఇళ్ళు ఇంకేమైనా ఉంటే, అటక మీది చిట్టా పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేముందు అధిక శ్రావణం పేజీలు ఒకసారి తిరగేయండి.